చేంతాడు లెక్క

మొన్న అటక మీద సామాన్లు దించుతుంటే ఒక మూల గోనెసంచిలో గిలక దొరికింది. తుప్పు పట్టి ఇరుసు బిగుసుకుపోయింది కానీ తాడు ఒరుసుకున్న గాడి మాత్రం ఇంకా నున్నగా మెరుస్తోంది. పాత ఇనుముకి వేసేద్దామా నాన్నా అని మావాడు అడిగాడు. నేను జవాబు చెప్పకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. దాన్ని చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది ఒక చప్పుడు. టక్.

ఆ చప్పుడు సంగతి చెప్పాలంటే తాతయ్య దగ్గర మొదలుపెట్టాలి. ఇంటి వెనక బావికి కొత్త చేంతాడు తెచ్చినప్పుడల్లా తాతయ్య దాన్ని వసారాలో పరిచి, రెండు చేతులూ బార్లా చాచి కొలుచుకుంటూ బారకో ముడి వేసేవారు. ముడి పెద్దదైతే గిలకలో ఇరుక్కుంటుంది, మరీ చిన్నదైతే తెలియదు, అందుకని గిలక మీదుగా పోయేటప్పుడు తాడు చిన్నగా ఎగిరి 'టక్' మనేంత ముడి. చేద వదిలితే టక్, టక్, టక్, ఆ తర్వాత కింద బుడుంగుమని నీళ్ళు. వానలు వెనకబట్టే రోజుల్లో మూడు టక్కులకే నీళ్ళు అందేవి. ఎండలు ముదిరేసరికి ఏడు. తెల్లవారుజామున అమ్మ నీళ్ళు తోడుతుంటే నేను దుప్పటి ముసుగులో కళ్ళు మూసుకునే లెక్కపెట్టేవాణ్ణి. లేవగానే తాతయ్య అడిగే మొదటి ప్రశ్న అదే మరి. "ఎన్ని ముడులురా ఇవాళ?"

"ఐదు తాతయ్యా."

"ఐదా? నిన్నటిదాకా నాలుగేగా" అని కాసేపు ఆలోచించేవారు. ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతి మారిపోయేది. అరుపులూ ఉండవు, ఉపన్యాసాలూ ఉండవు. నాలుగు ముడుల మీద ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు స్నానం చేయొచ్చు. ఐదు అయితే మొక్కలకి మంచినీళ్ళు బంద్, గిన్నెలు కడిగిన నీళ్ళే వాటికి. ఆరు అయితే బట్టలు రోజు విడిచి రోజు. ఏడో ముడి దిగిందంటే అందరికీ ఒక్కో బకెట్, అందులోనే ముఖం కడుక్కోవడం నుంచి స్నానం దాకా. మాకు అదేదో గొప్ప పొదుపు అని ఎవరూ చెప్పలేదు. తాడు ఎంత దిగితే చెయ్యి అంత బిగబట్టాలి, అంతే.

అన్నట్టు, చేద జారి బావిలో పడిపోతే పాతాళగరిగె వేసి వెతకడం ఉండేదే, అదొక పండగ మాకు. ఒకసారి చేద కోసం వేస్తే అంతకుముందు ఏడాది పోయిన చెంబు వచ్చింది. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.

బళ్ళో సైన్సు మాస్టారు ఒక రోజు ఇరవై లీటర్ల బకెట్ నిండా నీళ్ళు తెప్పించి బల్ల మీద పెట్టారు. భూమ్మీద నీళ్ళన్నీ ఇవే అనుకోండిరా అన్నారు. అందులోంచి ఒక అర లీటరు గ్లాసులోకి తీసి, బకెట్లో మిగిలిందంతా ఉప్పునీరు, పక్కన పెట్టండి అన్నారు. నూటికి 97.5 వంతులు పోయాయి. చేతిలో ఉన్న అర లీటరులో మూడింట రెండు వంతులకు పైగా మంచుగడ్డల్లో ఉందని దాన్నీ పక్కన పోసేశారు. మిగిలింది ఒక చిన్న గ్లాసుడు. అందులో దాదాపు అంతా భూగర్భజలం. మరి నదులూ చెరువులూ ఎక్కడండీ అని ఎవరో అడిగితే, ఇంకు ఫిల్లరుతో నీళ్ళు తీసి అరచేతిలో ముప్పై చుక్కలు వేసి చూపించారు. అవీ నదులూ సరస్సులూ.

నాకేమో పాఠం బాగా వచ్చునన్న ధీమా. "ఆవిరై మేఘమై మళ్ళీ వానై పడుతుంది కదండీ, ఇంక నీళ్ళు అయిపోవడం ఏమిటి?" అని లేచి అడిగాను. ఆయన నవ్వి, "అయిపోవురా. నీకు కావలసినప్పుడు, కావలసిన చోట, తాగేలా ఉండవు" అన్నారు. ఈ సమస్య మీద తర్వాత ఎన్ని చదివినా ఆ ఒక్క ముక్కలో అంతా ఉందనే అనిపిస్తుంది. ఆకాశంలోంచి పడే వాన మొత్తం తరతరాలకీ పెద్దగా మారకపోయినా, అది నాలుగు నెలల్లో పడేది నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతే నేలలోకి ఇంకే తీరిక దానికీ ఉండదు, నేలకీ ఉండదు.

సరే, మోటారు వచ్చింది. బావిలో పైపు దించి, మేడ మీద ట్యాంకు కట్టి, గోడకి స్విచ్చు పెట్టారు. చేంతాడు కొన్నాళ్ళు బట్టలారేసుకునే తాడైంది. ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి, ఇలాంటి కబుర్లు రాసేటప్పుడు మనం తరచుగా దాటేసే నిజం. ఆ మార్పుకి నాకు బెంగ కలిగింది, తాతయ్యకి కలిగింది. అమ్మకి మాత్రం కలగలేదు. మొదటిసారి కుళాయి తిప్పి నీళ్ళు రాగానే ఆవిడ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తు. పొద్దున ముప్పై, సాయంత్రం ఇరవై చేదలు తోడిన చేతులవి. అరచేతుల్లో కాయలు కాచి, చలికాలంలో పగిలి నెత్తురొచ్చేవి. నేను దుప్పట్లో వెచ్చగా పడుకుని లెక్కపెట్టిన ఒక్కో టక్కూ ఆవిడ భుజాల మీద పడ్డదే. ప్రపంచంలో ఇప్పటికీ ఇంట్లో నీటి వసతి లేని ప్రతి పది కుటుంబాల్లో ఏడింటిలో నీళ్ళు తెచ్చేది ఆడవాళ్ళూ ఆడపిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2023లో ఇచ్చిన నివేదికలో చదివినప్పుడు నాకు ఆ అంకె కంటే ముందు అమ్మ అరచేతులే కనిపించాయి. కాబట్టి బావుల కాలమే బంగారుకాలం అని నేను అనను. అనే హక్కు తోడినవాళ్ళకి ఉంటుంది, పడుకున్నవాళ్ళకి కాదు.

కానీ ఒకటి పోయింది. మోటారు వచ్చాక పొద్దున్నే "ఎన్ని ముడులురా" అన్న ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. స్విచ్చు వేస్తే నీళ్ళు వచ్చేవి, మూడు ముడుల లోతు నుంచైనా పది ముడుల లోతు నుంచైనా ఒకేలాగ వచ్చేవి. ట్యాంకు నిండి సన్‌షేడ్ మీంచి నీళ్ళు ధారగా పడుతుంటే, మోటారు కట్టేయండర్రా అని ఎవరో అరిచేదాకా పడుతూనే ఉండేవి. నాలుగైదేళ్ళు గడిచాక ఒక ఎండాకాలం మోటారు గాలి మింగి ఒట్టి రొద మొదలుపెట్టినప్పుడు వెళ్ళి తొంగి చూస్తే అడుగున బురద. ఆ రోజు తర్వాత చాలా ఏళ్ళు మేం బావి వైపు చూడలేదు. ఆ పక్కనే బోరు వేయించారు. అది ఎండితే వేసినతను వచ్చి, ఇంకో వంద అడుగులు దింపుదాం సార్ అన్నాడు. దింపాం. వీధిలో అందరూ దింపారు. కింద ఎంత ఉందో, ఎంత తీస్తున్నామో ఒక్కరికీ తెలియదు. ఖాతాలో ఎంతుందో చూసుకోకుండా చెక్కులు రాసుకుంటూ పోయినట్టు.

ఇది ఏదో మా ఒక్క వీధి తెలివితక్కువతనం అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ళ తర్వాత గ్రేస్ ఉపగ్రహాల గురించి చదివాక తెలిసింది, ప్రపంచమంతా ఇదే పని చేస్తోందని. అమెరికా, జర్మనీ కలిసి 2002లో వదిలిన జంట ఉపగ్రహాలవి. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరిగేవి, వాటికి ముద్దుగా టామ్, జెర్రీ అని పేరు కూడా పెట్టారు. కింద నేలలో నీళ్ళు ఎక్కువున్న చోట గురుత్వాకర్షణ రవ్వంత ఎక్కువ, అక్కడికి రాగానే ముందున్నది కాస్త ముందుకి లాగబడుతుంది, రెంటి మధ్య దూరం వెంట్రుకలో ఎన్నో వంతు మారుతుంది. ఆ తేడాని కొలిచి కింద నీళ్ళు పెరుగుతున్నాయా తరుగుతున్నాయా చెప్పేస్తారు. అలా చూస్తే ఉత్తర భారతం కింద, కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ కింద, పశ్చిమాసియా కింద నీళ్ళు ఏటికేడు దిగిపోతూ కనిపించాయి. అది చదివి నేను ఒక్కణ్ణే పిచ్చివాడిలా నవ్వుకున్నాను. తాతయ్య వసారాలో కూర్చుని వేసిన ముడుల్ని వీళ్ళు ఆకాశంలోంచి వేస్తున్నారు!

కాలేజీ హాస్టల్ రోజుల్లో నీళ్ళ కటకట మళ్ళీ ఎదురైంది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. అంతమందిమి బకెట్లు వరసలో పెట్టి, నిద్రకళ్ళతో దాని పక్కనే నిలబడి, వరస తప్పినవాడితో గొడవపడి. నాకు మాత్రం ఏడు ముడుల అనుభవం ఉంది కనుక ఒక్క బకెట్‌తో స్నానం చేసి అందులో ఒక మగ్గు మిగిల్చేవాణ్ణి. దాంతో మంచి పేరొచ్చింది, ఆ మగ్గు కోసం స్నేహితులూ పెరిగారు.

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వార్తలు వస్తున్నప్పుడు ఆ హాస్టల్ వరస గుర్తుకొచ్చింది. వరసగా మూడేళ్ళు వానల్లేక ఆనకట్టలు అడుగంటి, ఫలానా తేదీన కుళాయిలు కట్టేస్తాం, ఆ తర్వాత మనిషికి రోజుకి 25 లీటర్లు లైన్లో నిలబడి పట్టుకోవాలి అని ప్రకటించారు. దానికి 'డే జీరో' అని పేరు. ఫిబ్రవరి నుంచే మనిషికి రోజుకి 50 లీటర్లు అని గీత గీశారు. జనం రెండు నిమిషాల్లో స్నానం ముగించి, ఆ నీళ్ళని కాళ్ళ కింద బకెట్లో పట్టి మరుగుదొడ్డిలో పోసుకున్నారు. ఆనకట్టల్లో నూటికి ఎన్ని వంతులు మిగిలిందో వారం వారం నగరమంతటికీ చెప్పేవారు. నీటి పైపుల్లో ఒత్తిడి తగ్గించారు, ఎక్కువ వాడినవాళ్ళ మీద బాదారు, పొలాలకి నీళ్ళు కోశారు. మూడేళ్ళ కిందటితో పోలిస్తే నగరం వాడకం సగానికి పైగా పడిపోయింది, ఈలోపు వానలూ వచ్చాయి, ఆ తేదీ రాకుండానే గడిచిపోయింది. ఆ ఆంక్షలకి అంచెలు ఉండేవి, ఆరో అంచె, ఆరు-బి అని. మాకు ఆరో ముడి, ఏడో ముడి ఉన్నట్టే. అక్కడి పేదవాడల్లో చాలామంది మాత్రం ఎప్పటినుంచో వీధి కుళాయి దగ్గర వరసలోనే ఉన్నారు, వాళ్ళకి ప్రతి రోజూ డే జీరోనే అని అప్పుడే ఎవరో అన్నారు. అది కూడా నిజమే.

ఇప్పటిదాకా నీళ్ళు ఎన్ని అన్న సంగతే చెప్పాను. ఎలాంటివి అన్నది ఇంకో కథ. పదకొండో ఏట నాకు కామెర్లు వచ్చి నెల రోజులు మంచం పట్టాను. నీళ్ళ వల్లే అన్నారు డాక్టరుగారు. బావి నీళ్ళు తేటగా, తియ్యగా ఉండేవి కదా, వాటిలో జబ్బేమిటి అని ఇంట్లో అందరికీ ఆశ్చర్యం. మన భాషలో తాగే నీళ్ళకి 'మంచినీళ్ళు' అని పేరు పెట్టేసుకున్నాం, పేరులోనే మంచి ఉంది కనుక ఇంక అనుమానించం. ఆ పైన తేలికైన పనికల్లా 'మంచినీళ్ళు తాగినంత తేలిక' అంటాం. 2022 నాటికి కూడా ప్రపంచంలో 220 కోట్ల మందికి సురక్షితమైన తాగునీరు ఇంటి దగ్గర అందడం లేదు. వాళ్ళ భాషల్లో ఈ సామెత ఎలా ఉంటుందో మరి.

బంగ్లాదేశ్ కథ ఈ విషయంలో నన్ను చాలా రోజులు వెంటాడింది. అక్కడ చెరువుల నీళ్ళు తాగి పిల్లలు అతిసారంతో చనిపోతున్నారని 1970ల నుంచి పెద్ద ఎత్తున గొట్టపు బావులు వేశారు. మంచి ఉద్దేశమే, మంచి పనే. అతిసారం తగ్గింది కూడా. కానీ ఆ లోతులోని మట్టిలో సహజంగానే ఆర్సెనిక్ అనే విషం ఉంది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏళ్ళ తరబడి తాగాక అరచేతుల మీద, కాళ్ళ మీద మచ్చలు, ఆ తర్వాత క్యాన్సర్లు. 1993లో గానీ అక్కడి బావుల్లో అది బయటపడలేదు. లక్షల గొట్టపు బావుల్ని పరీక్షించి ప్రమాదమున్నవాటికి ఎర్ర రంగు, పరవాలేదన్నవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్ర బావి ఉన్నవాళ్ళు పక్కింటి ఆకుపచ్చ బావికి బిందె పట్టుకుని నడవాలి. ఎంత చిన్న ఉపాయం! బోలెడు డబ్బు పోసే యంత్రాల కంటే ముందు పనికొచ్చింది ఒక డబ్బా రంగు, దాని వెనక ఒక పరీక్ష.

తాగే నీళ్ళతో ఒంట్లోకి పోయి పుండులోంచి బయటికొచ్చే గినియా పురుగు (నారికురుపు) సంగతీ అంతే. 1986లో ఏడాదికి 35 లక్షల మందికి వచ్చే జబ్బు, ఇప్పుడు మనుషుల్లో ఏడాదికి ఇరవై కేసులు కూడా ఉండటం లేదు. టీకా లేదు, మందు లేదు. నీళ్ళు గుడ్డలో వడకట్టుకోవడం, పుండు ఉన్నవాళ్ళు చెరువులోకి దిగకుండా చూడటం. బిందె మూతికి గుడ్డ కట్టే మా నానమ్మని చూసి నవ్వేవాళ్ళం మేము. కామెర్లని ఆ గుడ్డ ఆపలేదు, దానికి మరిగించాలి లేదా క్లోరిన్ కలపాలి. అయినా నవ్వడం తప్పే.

పరిష్కారాలు ఏమిటని వెతికితే చేంతాడంత జాబితా దొరుకుతుంది. అన్నిటి మీదా నాకు ఒకే నమ్మకం లేదు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడం అందరికీ ముందు తోచేది. 1950ల చివర్లో లోబ్, సౌరిరాజన్ అనే ఇద్దరు లాస్ ఏంజెలిస్‌లో నీళ్ళని పోనిచ్చి ఉప్పుని ఆపే, పనికొచ్చే పొరని తయారు చేశాక రివర్స్ ఆస్మోసిస్ అనే ఈ పద్ధతికి దారి పడింది. కానీ కారు టైరులో ఉండే ఒత్తిడికి పాతిక రెట్ల పైన ఒత్తిడితో ఉప్పునీటిని ఆ పొరలోంచి నెట్టాలి, వెయ్యి లీటర్లకి మూడు నాలుగు యూనిట్ల కరెంటు, చివరికి మిగిలిన చిక్కటి ఉప్పునీటిని మళ్ళీ సముద్రంలోకే వదలాలి. డబ్బూ, తీరమూ ఉన్న దేశాలకి సరే. లోపలి పొలాలకి ఆ నీళ్ళు పెట్టుకోలేం.

వాడిన నీటినే మళ్ళీ శుభ్రం చేసి తాగడం నాకు ఎక్కువ నచ్చిన దారి. నమీబియాలోని విండ్‌హోక్ 1968 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతోంది. సింగపూర్ 2003లో 'న్యూవాటర్' అని పేరు పెట్టి మొదలుపెట్టింది. నేను మొదట విన్నప్పుడు ఛీ అన్నాను, దాచడం ఎందుకు. ఇంట్లో అమ్మతో చెబితే, "గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకి పోస్తే అవి నేలలోకి దిగి మళ్ళీ మన బావిలోకే వచ్చేవి కదరా, అప్పుడు నీకు అసహ్యం వేయలేదేం?" అంది. ఇంక మాట్లాడలేదు.

ఇంకొకటి, కారిపోయే నీళ్ళు. చాలా నగరాల్లో పైపుల్లోకి వదిలిన నీటిలో పెద్ద వాటా దారిలోనే నేలపాలవుతుంది. టోక్యోలో ఆ నష్టాన్ని నూటికి మూడు నాలుగు వంతులకి తెచ్చారు. అక్కడ రాత్రిళ్ళు వీధులు నిద్రపోయాక మనుషులు ఒక కడ్డీని చెవికి ఆనించుకుని, నేల కింద పైపులో కారే చప్పుడు వింటూ తిరుగుతారట. ఉద్యోగం అంటే అదీ! దుప్పటి ముసుగులో టక్కులు లెక్కపెట్టిన నాకు సరిగ్గా సరిపోయే కొలువు, వయసులో ఉండగా తెలియలేదు.

నిజానికి మనం తోడే నీటిలో నూటికి డెబ్బై వంతులు పోయేది పొలాలకే, కాబట్టి నేను బకెట్లో మగ్గు మిగల్చడం వల్ల ప్రపంచం ఒడ్డున పడదని నాకూ తెలుసు. నేను వేసుకున్న కాటన్ చొక్కా వెనక సుమారు 2500 లీటర్ల నీళ్ళున్నాయి. టోనీ అలన్ అనే ఆయన దీనికి 'వర్చువల్ వాటర్' అని పేరు పెట్టి 2008లో స్టాక్‌హోమ్ నీటి బహుమతి అందుకున్నాడు. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సైన ఆరల్ సముద్రం ఎండిపోయి ఓడలు ఇసుకలో నిలబడ్డాయంటే, దానిలోకి వచ్చే రెండు నదుల్ని పత్తి పొలాలకి మళ్ళించడమే కారణం. డ్రిప్ పెడితే నీళ్ళు ఆదా అంటారు, ఎకరానికి చూస్తే ఆదానే. కానీ మిగిలిన నీళ్ళతో ఇంకో రెండెకరాలు సాగు చేస్తే కింద నీటిమట్టం మళ్ళీ అక్కడికే వస్తుంది, చాలా చోట్ల జరిగింది కూడా. తాడుకి ముడులు లేకుండా ఏ యంత్రం పెట్టినా ఇంతేనేమో అనిపిస్తుంది నాకు.

ఇంట్లో నేను చేసింది చాలా చిన్న పని. మేడ మీద వానకి గజిబిజిగా నాలుగు దిక్కులా పోయే నీళ్ళని ఒక పైపులోకి మళ్ళించి, గులకరాళ్ళూ ఇసుకా నింపిన గుంతలోంచి పాత బావిలోకి వదిలాను. లెక్క సులువు, చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల మేడ మీద ఒక మోస్తరు వాన, పది మిల్లీమీటర్లు, కురిస్తే వెయ్యి లీటర్లు. మొదటి రెండేళ్ళూ బావిలో ఏమీ కనబడలేదు, వీధిలో నవ్వారు. తర్వాత పక్కవాళ్ళూ, ఎదురింటివాళ్ళూ గుంతలు తవ్వుకున్నారు. నాలుగో ఏడు వానలు పోయాక కూడా అడుగున తళుక్కుమంది. ఎండాకాలానికి ఇంకా నిలవడం లేదు. బోరు మానేశామా అంటే లేదు.

గిలక ఇరుసుకి నూనె పోసి మావాడూ నేనూ ఒక మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాం. తిరిగింది. నైలాన్ తాడు తెచ్చి వసారాలో పరిచి, చేతులు చాచి బారకో ముడి వేశాను. తాతయ్య బార కంటే నాది కాస్త పొట్టి అనుకుంటాను, పాత లెక్కతో సరిపోదు. మావాడు చేద వదిలాడు. టక్. టక్. టక్. మధ్యలో వాడికి భయమేసి తాడు బిగించాడు, మళ్ళీ వదిలాడు. టక్. ఎంతసేపటికో కింద బుడుంగుమంది. నేను మాటల్లో పడి లెక్క తప్పాను, ఎనిమిదా తొమ్మిదా అని మావాడితో వాదిస్తున్నాను.

లోపలి గదిలో పడుకున్న అమ్మ, బావి పేరెత్తితేనే చేతులు చూపించే అమ్మ, అక్కడి నుంచే అంది. "తొమ్మిదిరా."